ఎర్ర చుక్క, ఇనప మొన... మధ్యలో మావయ్య కన్ను

ఐదేళ్ల కిందట ఓ ఆదివారం మధ్యాహ్నం మా మావయ్య ఫోన్ చేశాడు. తిన్నావా, ఎలాగున్నావు అని కూడా అడగలేదు. ‘‘ఒరే అల్లుడా, కంప్యూటర్ ముందు కళ్లద్దాలు పెట్టుకుంటావు కదా నువ్వు, వాటి నంబరెంత?’’ అన్నాడు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. మావయ్య అంటే అమ్మ తమ్ముడు. అప్పటికి ముప్ఫై ఏళ్లుగా ఓ కేంద్ర బలగంలో ఉన్నాడు. కశ్మీర్, ఛత్తీస్‌గఢ్, ఈశాన్యం అన్నీ తిరిగిన మనిషి. ఆయనకి కంప్యూటర్‌తో పనేమిటి?

‘‘మైనస్ ఒకటిన్నర. అవి నీకు పనికిరావు మావా. ఎందుకు?’’

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చిన్న గొంతుతో చెప్పాడు. ‘‘ఫైరింగ్‌లో ఫెయిలయ్యాన్రా. మీ అత్తకి సెప్పకు.’’

మా వైపు సంగతి తెలియని వాళ్లకి ఇది ఎంత పెద్ద మాటో అర్థం కాదు. మాది పొందూరు దగ్గర పల్లె. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తెల్లారగట్ల నాలుగున్నరకి ఏ రోడ్డు మీదకి వెళ్లినా కుర్రాళ్లు పరిగెడుతూ కనిపిస్తారు. 1.6 కిలోమీటర్ల పరుగు, స్టాప్‌వాచీ, నానబెట్టిన శనగలు. కోరుకొండ సైనిక్ స్కూల్ మా పక్కనే ఉంది. గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన కల్నల్ సంతోష్‌బాబు చదివిన బడి అది. కానీ ఆఫీసర్లయ్యే వాళ్లు కొందరే. మా ఊళ్లో ఎక్కువమంది జవాన్లు. ఇంటికో పెట్టె, ఆ పెట్టె మీద తెల్ల రంగుతో నంబరూ పేరూ. అలాంటి ఊళ్లో మావయ్యకున్న పేరు ఒక్కటే, గురి. సెలవుకొచ్చినప్పుడు సంక్రాంతి తీర్థంలో బెలూన్ల కొట్టు వాడు ఆయన్ని చూసి తుపాకీ దాచేసేవాడు. నిజంగానే.

ఆ మనిషికి యాభై ఒకటో ఏట ఏడాది పరీక్షలో గుళ్లు తప్పాయి. మళ్లీ కాల్చమన్నారు. రెండోసారి అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. వరసలో వెనక నిలబడ్డ కుర్ర జవాన్లు ఏమీ అనలేదట. అనకపోవడమే తనని ఎక్కువ బాధపెట్టిందని చాలా రోజుల తర్వాత చెప్పాడు.

మొన మీదే చూపెందుకు?

నా తుపాకీ అనుభవం చాలా తక్కువ. ఎన్‌సీసీలో .22 రైఫిల్‌తో 25 గజాల రేంజిలో బోర్లా పడుకుని కాల్చాను. ఆ రోజు ఉస్తాద్ చెవిలో అరిచిన మాట మాత్రం ఇప్పటికీ గుర్తుంది. టార్గెట్ కాదు, ఫోర్‌సైట్ టిప్ చూడు!

నాకు అప్పుడు అర్థం కాలేదు. కొట్టాల్సింది టార్గెట్‌ని కదా, దాన్ని చూడొద్దంటాడేమిటి? చింతలవలసలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు, అదే ఊళ్లో ఏపీఎస్పీ 5వ బెటాలియన్ ఉండేది, ఆ ప్రశ్న మళ్లీ గుర్తొచ్చేది. జవాబు మావయ్య ఫోన్ చేశాక కూర్చుని లెక్క కడితే గానీ దొరకలేదు.

రైఫిల్ మీద గురికి రెండు ఇనప ముక్కలుంటాయి. కంటి వైపున్నది బ్యాక్‌సైట్. అది చిన్న గాడి కావచ్చు, చిల్లు కావచ్చు. గొట్టం చివర నిలబడి ఉండేది ఫోర్‌సైట్, మా మావయ్య భాషలో ‘మొన’. ఏకేఎమ్ రకం రైఫిల్‌లో ఈ రెంటి మధ్య దూరం 378 మిల్లీమీటర్లు. మొన గాడికి సరిగ్గా మధ్యలో కాకుండా ఒక్క మిల్లీమీటరు పక్కకి ఉందనుకోండి. ఆ తేడా దూరంతో పాటు పెరుగుతుంది. వంద మీటర్లకి గుండు దాదాపు 26 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. అంటే మనిషి ఆకారపు టార్గెట్‌లో సగం వెడల్పు దాటిపోయినట్టే. అదే టార్గెట్ కొంచెం మసకగా కనిపిస్తే పెద్ద నష్టం లేదు. మసక బొమ్మకైనా మధ్య ఎక్కడో కన్ను పట్టేస్తుంది. మొన మసకబారితే మాత్రం ఆ మిల్లీమీటరు తేడా కంటికి తెలియదు. అందుకే ఉస్తాద్ అలా అరుస్తాడు.

ఇక్కడ బొబ్బిలి గురించి ఓ మాట చెప్పాలి. 1757 జనవరి 24న బుస్సీ సేనలు బొబ్బిలి కోట మీద పడ్డప్పుడు ఫ్రెంచి సిపాయిల చేతుల్లో ఉన్న మస్కెట్లకి వెనక గురే లేదు. గొట్టం చివర చిన్న బొడిపె మాత్రం ఉండేది. లోపల నున్నటి గొట్టం, వంద గజాలు దాటితే గుండు ఎటు పోతుందో కాల్చినవాడికే తెలియదు. అలాంటప్పుడు రెండో గురి ఉన్నా చేసేదేముంది! వరసగా నిలబడి ఒకేసారి పేల్చడమే పద్ధతి. గొట్టం లోపల మెలికల గాళ్లు వచ్చి గుండు తిన్నగా పోవడం మొదలయ్యాకే వెనక గురికి విలువొచ్చింది. అంటే తుపాకీ మీద ముందు పుట్టింది ముందు మొనే. ఆ తర్వాత వచ్చినవన్నీ దానికి చుట్టాలు.

ఒలింపిక్స్ రైఫిల్ పోటీల్లో ఇప్పటికీ టెలిస్కోపులు బిగించనివ్వరు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు పతకం కొట్టింది ఇలాంటి గురితోనే. కాకపోతే వాళ్ల ఫోర్‌సైట్ మొనలా ఉండదు, గుండ్రటి రింగులా ఉంటుంది. చిల్లులోంచి చూస్తే రింగు, రింగులో నల్ల చుక్క. గుండ్రం లోపల గుండ్రాన్ని మధ్యకి తేవడం మన కంటికి పుట్టుకతో వచ్చిన విద్య.

కళ్లజోడుకి కొలిచిన పురికొస

మావయ్య కష్టం చేతుల్లో లేదు, కంట్లో ఉంది. నలభై దాటాక కంటి లోపలి కటకం బిరుసెక్కుతుంది. దగ్గరి వస్తువుల మీదకి చూపు మళ్లించలేదు. మా అమ్మమ్మ సూదిలో దారం ఎక్కించడానికి చెయ్యి చాచి చాచి చివరికి నన్ను పిలిచేది కదా, అదే ఇది. అరచేతి దూరంలో ఉన్నవి ముందు మసకబారతాయి. యాభై దాటేసరికి ఆ మసక కాస్త కాస్త ముందుకి జరుగుతుంది. రైఫిల్ భుజానికి ఆనించినప్పుడు కంటికీ మొనకీ మధ్య దూరం సుమారు ముప్పావు మీటరు. ఆ మసక సరిగ్గా అక్కడికి చేరింది.

మరి కళ్లజోడు ఉంది కదా అంటారా? ఉంది. ఆయనది రెండు గళ్ల అద్దం. పైన దూరపు చూపు, కింద చదువుకునేది. ముప్పావు మీటరు ఆ రెంటిలో దేనికీ చెందదు. పైగా బోర్లా పడుకుని తల వాల్చి చూస్తే చూపు అద్దం పైభాగంలోంచి పోతుంది. అక్కడ మొన మసక. కింది గడిలోంచి చూద్దామంటే మెడ విరగాలి.

ఆయన నా కళ్లద్దాల నంబరు ఎందుకడిగాడో అప్పుడు అర్థమైంది. నా మానిటర్ కూడా నాకు ముప్పావు మీటరు దూరంలోనే ఉంటుంది. ఇంజినీరింగ్ చదవని మావయ్యకి ఈ లెక్క ఎలా తట్టిందో గానీ, తట్టింది.

సెలవుకొచ్చినప్పుడు ఓ పురికొస ముక్క పట్టుకుని శ్రీకాకుళం కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. నేనే బండి మీద తీసుకెళ్లాను. రైఫిల్ భుజాన పెట్టుకున్నప్పుడు కంటి నుంచి మొన దాకా కొలిచి ముడేసిన పురికొస అది. ‘‘డాక్టరు గారూ, ఈ ముడి దగ్గర నాకు సక్కగా కనబడాల. పేపరు సదవక్కర్నేదు’’ అన్నాడు. డాక్టర్ ముందు నవ్వాడు. తర్వాత పురికొస అందుకుని, పెన్ను నిటారుగా ముడి దగ్గర పెట్టి, ఒక్కో అద్దం మారుస్తూ అరగంట కూర్చున్నాడు. చివరికి దూరపు చూపు నంబరు మీద ప్లస్ ముప్పావు కలిపి ఒకే గడి ఉన్న అద్దం రాశాడు. పూర్తిగా మొన మీదే కుదిరేలా రాస్తే టార్గెట్ మరీ అలుక్కుపోతుందట. కొంచెం తక్కువ పవరు ఇస్తే మొన స్పష్టంగా, టార్గెట్ ఓ మాదిరిగా ఉంటుంది. రెంటికీ మధ్య రాజీ అన్నమాట.

ఆ అద్దంతో తర్వాతి ఏడాది గట్టెక్కాడు. ఫోన్ చేసి మార్కులు చెప్పలేదు. ‘‘పాసే’’ అన్నాడంతే. గొంతు మాత్రం మామూలుకొచ్చింది.

నలభై దాటి, కళ్లద్దాలున్న పోలీసులూ హోంగార్డులూ బ్యాంకు గన్‌మెన్లూ ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ పురికొస పని చేసి చూడండి. ఖర్చు ఒక కళ్లజోడు.

రెడ్ డాట్ వచ్చింది, మొన పోలేదు

ఆ మరుసటి ఏడాది ఆయన కంపెనీలో కొన్ని ఏకే రైఫిళ్లకి పై కవర్ మీద రైల్ బిగించి, దాని మీద రెడ్ డాట్‌లు పెట్టారు. చిన్న గాజు కిటికీ, అందులో ఎర్ర చుక్క. మావయ్య సంబరపడ్డాడు. ‘‘ఇంక కళ్లజోడు గొడవ నేదు’’ అనుకున్నాడు.

అనుకోవడంలో తప్పు లేదు. ఎందుకో చెప్పాలంటే ఆ చుక్క ఎలా పుడుతుందో చెప్పాలి. చాలామంది అది గాజు మీద గీసిన చుక్క అనుకుంటారు. కాదు. లోపల ఓ చిన్న ఎర్ర ఎల్‌ఈడీ ఉంటుంది. ఎదురుగా ఉన్న గాజు కొద్దిగా ఒంపు తిరిగి, ఎరుపుని మాత్రం వెనక్కి కొట్టే పూతతో ఉంటుంది. మిగతా వెలుగంతా దాన్ని దాటి మన కంటికి వస్తుంది. ఎల్‌ఈడీని ఆ ఒంపుకి సరిగ్గా నాభి దగ్గర పెడితే, తిరిగి వచ్చే ఎర్ర కిరణాలు ఒకదానికొకటి సమాంతరంగా వస్తాయి. సమాంతరంగా వచ్చే వెలుగు ఎక్కడిది? నక్షత్రాలది. అంటే కన్ను ఆ చుక్కని అరచెయ్యి దూరంలో కాదు, ఎక్కడో ఆకాశమంత దూరంలో ఉన్నట్టు చూస్తుంది. టార్గెట్‌ని చూస్తే చాలు, చుక్క దాని మీదే ఉన్నట్టుంటుంది. రెండు ఇనప ముక్కలు, ఒక టార్గెట్ అని మూడు దూరాల మధ్య కన్ను కొట్టుకులాడక్కర్లేదు. దూరపు చూపు బాగుంటే చాలు. మావయ్యకి అది బాగానే ఉంది.

ఈ ఉపాయం ఈనాటిది కాదు. 1900లో డబ్లిన్‌లో హోవర్డ్ గ్రబ్ అనే టెలిస్కోపుల తయారీదారు దీనికి పేటెంట్ తీసుకున్నాడు. కన్ను ఒకేసారి మూడు దూరాలు స్పష్టంగా చూడలేదన్న ఇబ్బందే ఆయన పట్టుకున్న దారం. గ్రబ్ పేరు మనకి కొత్తదేమీ కాదు. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ కోసం నవాబ్ జఫర్ జంగ్ తెప్పించిన 15 అంగుళాల టెలిస్కోపు గ్రబ్ వాళ్లదే. నక్షత్రాలు చూసే వాడి బుర్రలో పుట్టిన గురి ముందు విమానాల్లోకి వెళ్లింది. 1975లో స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ బ్యాటరీతో వెలిగే రెడ్ డాట్ తెచ్చాక చేతి తుపాకులకి అలవాటైంది.

సరే, మావయ్య సంగతి. రెడ్ డాట్‌తో మొదటి రోజు ఫైరింగ్ ఘోరంగా జరిగింది.

ఏకే రైఫిల్‌లో మొన గొట్టానికి గట్టిగా బిగించి ఉంటుంది. కొన్ని కొత్త రైఫిళ్లలో లాగ మడిచి పడుకోబెట్టడానికి వీల్లేదు. రెడ్ డాట్ కిటికీలోంచి చూస్తే దాని కింది భాగంలో నల్లగా మొన కనిపిస్తూనే ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా ఆ మొన మీదే చూపు నిలిపిన కన్ను ఏం చేస్తుంది? దాన్నే వెతుక్కుంది. మావయ్య ఎర్ర చుక్కని తెచ్చి మొన కొస మీద కూర్చోబెట్టాలని చూశాడు. దేవుడి గుడి మీద కలశం పెట్టినట్టు!

అలా చెయ్యాలంటే తల కిందకి నొక్కాలి. చెంప బట్‌కి అదిమి పట్టి, మెడ బిగించి, కిటికీ అడుగు అంచులోంచి చూడాలి. అక్కడ చుక్క మొన నల్లదనంలో కలిసిపోతుంది. టార్గెట్ కింది సగం మొన చాటున పడిపోతుంది. అన్నిటికంటే ఘోరం, చూపు మళ్లీ ముప్పావు మీటరు దగ్గరికి వెళ్లిపోతుంది. మొన ఎలాగూ స్పష్టపడదు, పైగా ఇప్పుడు చుక్క కూడా చెదిరింది, టార్గెట్ కూడా చెదిరింది. టార్గెట్ లేచి పడిపోయేది కొన్ని సెకన్లే. ఆయన సర్దుకునే లోపు అది పడిపోయేది.

పక్కన నిలబడ్డ ఇన్‌స్ట్రక్టర్ పాతికేళ్ల కుర్రాడట. రెండు రౌండ్లు చూసి వంగి చెప్పాడు. ‘‘సాబ్, టిప్ కో భూల్ జాయియే. టార్గెట్ దేఖియే.’’ మొన సంగతి మర్చిపోండి, టార్గెట్ చూడండి.

‘‘ముప్పయ్యేళ్లు ఒకటే మాట సెప్పినోళ్లు, ఇప్పుడు దాన్ని మర్సిపొమ్మంటే ఎలాగరా?’’ అని నన్నడిగాడు. కోపంగా కాదు. నిజంగానే ఎలాగో తెలియక.

నేను చెప్పింది ఇదీ. కిటికీ ఊచల్లోంచి వీధి చూస్తావు కదా, ఊచలు కనబడవా? కనబడతాయి. కానీ వీధిని చూస్తున్నప్పుడు వాటిని లెక్కపెట్టవు. రెండు కళ్లూ తెరిచి టార్గెట్ మీద చూపు పెట్టు. మొన ఊచలా పక్కకి పోతుంది. చుక్క కిటికీలో మధ్యలో ఉందా, ఓ పక్కకి ఉందా అని చూడకు. తల కొంచెం కదిలితే చుక్క కిటికీలో జరుగుతుంది గానీ టార్గెట్ మీద దాదాపు ఉన్న చోటే ఉంటుంది. మరీ దగ్గరలో మాత్రం కాస్త తేడా వస్తుంది.

ఆయనకి ఒంటికన్ను మూసే అలవాటు పోవడానికి నెల పట్టింది. పోయాక కుర్రాళ్లతో సమానంగా కాల్చాడు. ఆ నెలంతా రాత్రి బ్యారక్‌లో కిటికీ ఊచల్లోంచి దూరంగా లైటు చూస్తూ కూర్చునేవాడట. పక్కవాళ్లు ఇంటి మీద బెంగనుకున్నారు.

అయితే ఆ మొన తీసెయ్యొచ్చు కదా?

ఇది నా ప్రశ్న. సాఫ్ట్‌వేర్ వాడి బుద్ధి, పనికిరాని కోడ్ కనిపిస్తే డిలీట్ చేసెయ్యాలనిపిస్తుంది. మావయ్య ఎదురు ప్రశ్న వేశాడు. ‘‘తిత్లీ వొచ్చినప్పుడు ఏటి సేసినావు?’’

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ వారం నేను అత్తయ్య వాళ్లమ్మగారి ఊళ్లో, ఉద్దానంలో ఇరుక్కుపోయాను. కొబ్బరి చెట్లన్నీ పడిపోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు. సెల్‌ఫోన్లు రెండో రోజుకే చచ్చిపోయాయి. అటక మీంచి కిరసనాయిలు లాంతరు దింపాం. అదీ ఆయన జవాబు.

రెడ్ డాట్ బ్యాటరీ మీద బతుకుతుంది. మంచివాటిలో బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది, కాదనను. కానీ వాన చినుకు గాజు మీద పడుతుంది, మా తీరపు ఉక్కకి ఆవిరి పడుతుంది, రాయికి తగిలితే పగులుతుంది. మొనకి ఇవేమీ లేవు. డాట్ ఆరిపోయినా పనికొచ్చేలా కొన్ని రైఫిళ్లలో దాన్ని మొనకి సరిపడే ఎత్తులో బిగిస్తారు. అదే కిటికీలోంచి బ్యాక్‌సైట్, మొన రెండూ కనిపిస్తాయి. ఎత్తు సరిగ్గా సమానమైతే మొన కొస మీదే చుక్క నిలబడుతుంది. కొంచెం ఎత్తులో పెడితే మొన కిటికీ అడుగున ఉండిపోతుంది, కావలసినప్పుడే తల వంచి వాడుకోవచ్చు. నాకు రెండోదే నయమనిపిస్తుంది. ఎప్పుడూ కళ్ల ముందు అడ్డం లేకుండా ఉంటుంది. ఎత్తు పెరిగితే ఓ చిక్కు ఉంది. చూపు గీత గొట్టానికి ఆరేడు సెంటీమీటర్లు పైన ఉంటుంది గనక, నాలుగడుగుల దూరంలో గుండు చుక్క కంటే దాదాపు అంత కిందకి తగులుతుంది. దూరంలో ఇది తెలియదు.

మొన ఉంచడానికి ఇంకో కారణం నాకు ఎక్కువ నచ్చింది. ఇద్దరు సాక్షులన్నమాట. జీరోయింగ్ చేశాక, అంటే గుండు తగిలే చోటికి గురి సర్దాక, మొన గురి, డాట్ గురి రెండూ ఒకే చోట చూపిస్తున్నాయనుకోండి. పది రోజుల తర్వాత లారీలో కుదుపులు తిన్నాక చూస్తే రెంటికీ పొత్తు కుదరడం లేదు. ఏదో ఒకటి జరిగిందని కాల్చకుండానే తెలిసిపోయింది. ఏది జరిగిందో మాత్రం కాల్చితేనే తెలుస్తుంది. ఏకేలో డాట్ కూర్చునేది పై కవర్ మీద. అది తుడవడానికి ఊడదీసే రేకు. దాని మీదే నాకు ముందు అనుమానం. చేతికి ఒకే గడియారం ఉన్నవాడు టైము తప్పైనా నమ్మేస్తాడు. రెండు ఉన్నవాడు కనీసం అనుమానిస్తాడు.

జీరోయింగ్‌లో మావయ్య కొత్తవాళ్లకి నెత్తి మీద మొట్టి చెప్పే సంగతి ఒకటుంది. గుండు ఎటు పోతోందో మొనని అటే జరపాలి. గుండు పైకి పోతే మొనని పైకి తిప్పాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది. మొన పెరిగితే దాన్ని గురిలోకి తేవడానికి గొట్టం కొస దించాలి, గుండు దిగుతుంది. వెనక గురి దీనికి సరిగ్గా వ్యతిరేకం. డాట్‌కైతే మర మీదే బాణం గుర్తు ఉంటుంది. మూడూ కలిపి నేర్చుకునే వాడికి మొదటి వారం బుర్ర తిరుగుతుంది.

మరి పెద్దది చేసి చూపించే స్కోప్ పెడితే మొన అడ్డం రాదా? ఈ అనుమానం మా తమ్ముడికి వచ్చింది. వాడు పబ్జీ తరం. చిత్రంగా, నాలుగు రెట్లు పెద్దది చేసే స్కోప్‌లో మొన దాదాపు మాయమవుతుంది. దోమతెరకి ముక్కు ఆనించి బయట తోట చూడండి, దారాలు కనిపించవు. తోట కొంచెం మసకేసినట్టు ఉంటుందంతే. అదే కిటుకు. స్కోప్ ముందు అద్దం మూడు సెంటీమీటర్ల వెడల్పు, మొన రెండు మిల్లీమీటర్లు. మొన చుట్టుపక్కల నుంచి వచ్చిన వెలుగుతోనే బొమ్మ పూర్తవుతుంది. మొన అంత దగ్గర ఉన్నందువల్ల దాని ఆకారం కరిగిపోయి అడుగున పల్చటి పొగలా మిగులుతుంది. అమెరికా మెరైన్లు ఎమ్16ఏ4 రైఫిల్ మీద కదలని ఫోర్‌సైట్ అలాగే ఉంచి, దాని వెనక నాలుగు రెట్ల స్కోప్ పెట్టి ఏళ్ల తరబడి వాడారు. ఒక రెట్టు దగ్గర మొన తేటగా ఉంటుంది, రెట్లు పెరిగేకొద్దీ కరుగుతుంది. అంటే ఎక్కువ అడ్డం అనిపించేది స్కోప్‌లో కాదు, రెడ్ డాట్‌లోనే. అక్కడ దాన్ని మాయం చేసేది గాజు కాదు, అలవాటు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా ఊరి కుర్రాళ్ల చేతికి రేపు రాబోయేది ఇలాంటి తుపాకే. 2021 డిసెంబరులో మన రక్షణ శాఖ 6,01,427 ఏకే-203 రైఫిళ్లకి రష్యాతో ఒప్పందం చేసుకుంది. ఉత్తరప్రదేశ్‌లో అమేఠీ దగ్గర కోర్వాలో తయారీ. పై కవర్ మీద స్కోపో డాటో పెట్టుకోవడానికి రైల్ ఉంటుంది. గొట్టం మీద కదలని ఫోర్‌సైట్ కూడా ఉంటుంది. రెండూ కలిపి వాడడం నేర్వాల్సిన తరం వీళ్లే.

నా బాధల్లా ఒకటే. డాట్‌లు ముందు ఎవరికిస్తారు? ఎక్కడైనా కుర్రాళ్లకే, వేగం కావాలి గనక. కంటి లెక్క చూస్తే ముందు ఇవ్వాల్సింది యాభై దాటిన వాళ్లకి. ఇరవై ఏళ్ల కన్ను మొననీ చూడగలదు, చుక్కనీ చూడగలదు. యాభై రెండేళ్ల కంటికి చుక్క అవసరం. కాకపోతే కంట్లో ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకి ఆ చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలా చీలి కనిపిస్తుంది. డాట్ చెడిపోయిందని తిరిగిచ్చేస్తారు కొందరు. ఫోన్ కెమెరాతో చూడండి. కెమెరాలో గుండ్రంగా ఉంటే లోపం డాట్‌ది కాదు, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మావయ్య ఇప్పుడు వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుని ఊళ్లోనే ఉన్నాడు. సాయంత్రాలు చెరువు గట్టు పక్క ఖాళీ స్థలంలో పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లని కూర్చోబెట్టి గురి నేర్పుతాడు. తుపాకీ లేదు, ఉండకూడదు కూడా. మూడడుగుల చెక్క, ఓ చివర మేకు, ఇంకో చివర చిల్లు పెట్టిన అట్టముక్క. మేకుని సూది మందం పక్కకి వంచి, ‘‘ఇప్పుడు ఆ కొబ్బరి సెట్టు ఎక్కడుంది సెప్పు’’ అంటాడు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ చెక్క మీద ఓ గాజు ముక్క కూడా నిలబెట్టి ఉంది. మధ్యలో ఎర్ర స్కెచ్ పెన్నుతో చుక్క.

‘‘అది తప్పు మావా’’ అన్నాను. ‘‘గాజు మీద గీసిన చుక్క తల కదిలితే చెట్టు మీంచి జారిపోతుంది. అసలు డాట్ జారదు.’’

‘‘నాకు తెల్దేటి? అదే సూపిద్దామని పెట్టినాను.’’ ఓ గుంటడి తల పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. ‘‘ఏటవుతుంది?’’

‘‘చుక్క చెట్టు దిగి గోడ మీద కెళ్లిపోయింది తాతా.’’

‘‘మేకు?’’

వాడు చాలాసేపు ఒంటికన్ను మూసి చూశాడు. చీకటి పడుతోంది. మేకు కనబడ్డం లేదన్నాడు. రెండో కన్ను తెరవమన్నాడు మావయ్య.